ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకు? ఒట్టి ఉప్పు నీళ్లు చాలవా?

పిల్లాడికి మోషన్స్ అయితే ఓఆర్‌ఎస్ రాసిచ్చారు, అందులో అంత చక్కెర దేనికి, ఉప్పు నీళ్లు తాగిస్తే పోదా అని ఒకరు అడిగారు. దేవరకొండలో మాకు మెడికల్ షాపు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే కౌంటర్ దగ్గర ఇదే మాట. ఆ చక్కెర బలానికి కాదండీ, ఉప్పును లోపలికి పట్టుకెళ్లడానికి.

పేగు గోడలోని కణాల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆక్సిజన్ దాంట్లోంచి నేరుగా దూరిపోతుంది, ఉప్పులోని సోడియం దూరలేదు. దానికి ప్రొటీన్ దారి కావాలి. ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ రెండు సోడియం అయాన్లను, ఒక గ్లూకోజ్‌ను కలిపే తీసుకెళ్తుంది. ఓఆర్‌ఎస్‌లోని చక్కెర ఆ గ్లూకోజే. సీట్లు నిండందే మన షేర్ ఆటో కదలదు చూడండి, అట్లా. మరి లోపలికి లాగే బలం ఎక్కడిది? కణానికి అవతల, రక్తం వైపు ఒక పంపు ఉంది. కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చు పెట్టి మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. దాంతో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే. అందుకే పేగులోని సోడియం గ్లూకోజ్‌ను వెంటబెట్టుకుని వస్తుంది, వాటి వెనకే నీళ్లు. కలరాలో కూడా ఈ దారి మూతపడదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే ఎంతోమందిని బతికించారు.

అట్లాగని చక్కెర ఎక్కువైతే మంచిదని కాదు. మొన్న ఒకాయన లీటరు ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపి తాగించానని చెప్పాడు. చిక్కగా ఉంటే బలమట! పేగులో ద్రావణం చిక్కబడితే నీళ్లు ఒంట్లోంచే పేగులోకి వస్తాయి, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కూల్‌డ్రింకులతో వచ్చే తంటా కూడా ఇదే. అందుకే 2002లో డబ్ల్యూహెచ్‌వో ఫార్ములాను పలుచన చేసింది, చిక్కదనం కొలతలో లీటరుకు 311 నుంచి 245 మిల్లీఆస్మోల్స్‌కు.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నే పోయండి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు, పెద్దది లీటరుకు. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. గడగడా తాగిస్తే వాంతి అవుతుంది, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. పిల్లాడు మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.