రాత్రిళ్ళు గెడ్డలోకి ట్యాంకర్లు: మా కాలనీలో మేం చేసింది

గాజువాక వైపు మీ కాలనీ వెనక గెడ్డలో (వాగులో) రాత్రిళ్ళు ట్యాంకర్లు ఏవో నీళ్ళు వదిలిపోతున్నాయనీ, బోరు నీళ్ళు రంగు మారాయనీ, ఎవరికి చెప్పాలో తెలియట్లేదనీ రాశారు. మాదీ అటువైపేనండి. నాలుగేళ్ళ కిందట మాకూ ఇదే జరిగింది.

ఈ రాత్రే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. తేదీ, టైము, బండి నంబరు, నీళ్ళ రంగు, వాసన ఎలా ఉంది, ఎవరికి కళ్ళు మండాయి, ఎవరు ఆస్పత్రికి వెళ్ళారు, అన్నీ రాయండి. మా మొదటి అర్జీలో "భరించలేని వాసన, చర్య తీసుకోండి" అని రాసి 40 మందిమి సంతకాలు పెట్టాం. అది ఎటూ కదల్లేదు. రెండోసారి 11 రాత్రుల వివరాలు జతచేసి కాలుష్య నియంత్రణ మండలికీ, సోమవారం కలెక్టరేట్లోనూ ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఈసారి తనిఖీకి వచ్చారు, అదీ బండ్లు వచ్చే వేళకే. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళాల్సి వచ్చినా (పర్యావరణ కేసులు చూసే కోర్టులాంటిది, మనకి చెన్నై బెంచి) తేదీలే ముఖ్యం. ఆ ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద 6 నెలల్లోగా కేసు వెయ్యాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు.

అసలు కష్టం ఆఫీసుల దగ్గర కాదు, మా వీధిలోనే ఎదురైంది. చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు ఫ్యాక్టరీలకి కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళే. రామాలయం అరుగు మీద మొదటి మీటింగు పెడితే ఒక అక్క లేచి, "కంపెనీ మూసేస్తే మా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని అడిగింది. ఎవరికీ నోరు పెగల్లేదు. కానీ 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయిన సంగతి అక్కడున్న అందరి మనసులోనూ ఉంది. ఆ రోజు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తిన చుట్టాలు మాలో చాలామందికి ఉన్నారు. చివరికి మూసెయ్యమని అడగకూడదనుకున్నాం. వ్యర్థం పోవాల్సిన చోటికే పోవాలి, అంతే. పరవాడ ఫార్మా సిటీలో అందుకు కేంద్రం ఉంది కదా.

ఆ మాట విన్నాకే అక్క వాళ్ళాయన మాతో కలిశాడు. "డ్రమ్ము గేటు దాటాలంటే మేనిఫెస్టు ఉండాలి" అని చెప్పింది ఆయనే. మేనిఫెస్టు అంటే వ్యర్థం ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో రాసే కాగితం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ కాగితం 7 ప్రతుల్లో ఉంటుంది. పంపినవాళ్ళు, మోసినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తలా ఒకటి ఉంచుకోవాలి, మండలికీ వెళ్ళాలి. మామూలుగా 90 రోజులకి మించి వ్యర్థాన్ని లోపల దాచకూడదు. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ మేనిఫెస్టులు, వార్షిక రిటర్నులు అడిగాం. బయటికి పంపామని చూపిన లెక్కకీ, పరవాడలో అందిన లెక్కకీ పొంతన కుదర్లేదు. మా నోటుపుస్తకంలోని బండి నంబర్లకి అప్పుడు బలం వచ్చింది.

నీళ్ళ సంగతి కూడా చెప్తాను. మనం సీసాలో పట్టి పరీక్ష చేయిస్తే మన జాగ్రత్తకి పనికొస్తుంది. నీటి కాలుష్య చట్టం కింద కేసు నిలబడాలంటే మాత్రం 21వ సెక్షన్ పద్ధతిలో అధికారులే నమూనా తీసి, సీలు వెయ్యాలి. అందుకని అర్జీలో "నమూనా తియ్యండి" అని ప్రత్యేకంగా రాయండి. ఉత్త చేతులతో గెడ్డలో దిగొద్దు. కుర్రాళ్ళని ట్యాంకరుకి అడ్డం పడనివ్వొద్దు, 112కి ఫోన్ చెయ్యండి. మా దగ్గర ఒక అబ్బాయికి చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇంకా పోలేదు.

ట్యాంకర్లు ఆగి రెండేళ్ళు దాటింది. గెడ్డ పక్క రెండు బోర్లు మాత్రం ఇప్పటికీ ఎవరం వాడట్లేదు. వానలకి ముందూ తర్వాతా నీళ్ళు పరీక్షించమని ఏటా అర్జీ పెడుతూనే ఉన్నాం. ఇప్పుడు మూడో నోటుపుస్తకం నడుస్తోంది, అది ఆ అక్క వాళ్ళింట్లోనే ఉంటుంది.