చోడి మాల్ట్ అమ్మడానికి కొత్త మాట పుట్టిస్తే జనం పలుకుతారా?

ఒడిశాలోని గుణుపురంలో చోడి (రాగి) మాల్ట్ ప్యాకెట్లు మొదలుపెట్టామని, ఎవరూ వినని కొత్త మాట ఒకటి తయారుచేసి ప్రచారమంతా దాని మీదే నడుపుదామని ఏజెన్సీ వాళ్ళు అంటున్నారని, డబ్బు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకండి. ఆ డబ్బుతో సంతల్లో జనం చేత తలా ఒక గ్లాసు తాగించండి.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల గోడల మీద కంపెనీ ప్రకటనలు రాయడం నా పని. కొన్ని ఊళ్ళలో ఒడియాలో రాస్తాం, కొన్ని ఊళ్ళలో తెలుగులో, కొన్నిచోట్ల రెండూ. గోడకి సున్నం కొట్టి, నీలం అద్దిన దారంతో గీతలు కొట్టి అక్షరాలు దిద్దుతుంటే, వెనక నిలబడి పైకి చదివేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కొత్త మాట జనం నోట్లో ఎలా పడుతుందో కంపెనీ కంటే ముందు మాకే వినబడుతుంది.

ఒక ఎనర్జీ పౌడర్ కంపెనీ 'తాజా'నీ 'ఎనర్జీ'నీ అతికించి 'తాజర్జీ' అని మాట కట్టింది. "ఈ రోజు తాజర్జీ అయిందా?" అని రాయమన్నారు. కాశీనగరం దగ్గర టీ కొట్టు గోడ మీద రాస్తుంటే ఒక పెద్దాయన కూడబలుక్కుని చదివి, "ఈ అర్జీ ఎవరికి పెట్టుకోవాలి బాబూ, తాసీల్దారుకా?" అని అడిగాడు. వేళాకోళానికి కాదు. భూమి పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషికి ఆ అక్షరాల్లో కనబడేది అర్జీయే. పక్క కొట్లో పిల్లలు ఆ పౌడర్‌ని "పచ్చ ప్యాకెట్" అనే అడిగేవారు. ఎండాకాలం దాటేసరికి అదే గోడ మీద సిమెంటు ప్రకటన రాశాం.

కంపెనీలు పుట్టించిన మాటలు అసలు నిలవవని కాదు. జార్జ్ ఈస్ట్‌మన్ ఏ భాషలోనూ లేని 'కోడాక్' అన్న మాటను 1888లో తన కెమెరాకి పెట్టాడు. పొట్టిగా, ఎవరైనా పలకగలిగేలా ఉండాలన్నదే ఆయన పట్టుదల. 1937లో వచ్చిన డాల్డా కథ ఇంకా మనకి దగ్గర. వనస్పతిని దిగుమతి చేసుకునే 'దాదా' కంపెనీ పేరులో లీవర్ కంపెనీ వాళ్ళు తమ 'ల' ఇరికించి 'డాల్డా' చేశారు. మా ఇళ్ళలో ఏ కంపెనీ వనస్పతి అయినా డాల్డాయే. జిరాక్స్ కూడా అంతే, ఏ మెషీన్ మీద తీసినా జిరాక్సే. ఆ వస్తువులు వచ్చిన రోజున వాటిని పిలవడానికి మన దగ్గర వేరే మాట లేదు. వస్తువు చేతికి వచ్చింది, దాంతోపాటే పేరూ నోటికి వచ్చింది. పైగా అవి మన వ్యాకరణంలో ఇట్టే ఇమిడిపోయాయి: జిరాక్స్ తీయించు, డాల్డాలో వేయించు, ఇప్పుడు ఫోన్‌పే కొట్టు. ఏ యాప్‌లో డబ్బు పంపినా రాయగడ బజార్లో "ఫోన్‌పే కొట్టేశాను" అనే అంటున్నారు.

మీ సరుకు సంగతి వేరు. దానికి పేరు ఎప్పుడో ఉంది. తెలుగువాళ్ళు చోడి అంటారు, ఒడియావాళ్ళు మాండియా అంటారు. చిన్నప్పటి నుంచి అంబలి తాగిన నోటికి ఆ మాట మాన్పించి ఇంకోటి పలికించడం ఎంత కష్టమో 2023 చూపించింది. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. కేంద్ర బడ్జెట్ ప్రసంగంలోనే వాటిని 'శ్రీ అన్న' అన్నారు. మన చెవికి అన్న అంటే తోడబుట్టినవాడే. నేను తిరిగే సంతల్లో ఆ పేరుతో ఎవరూ గింజలు అడగలేదు. 'సిరిధాన్యాలు' మాత్రం తెలుగులో హాయిగా చెల్లుతోంది. ఎందుకంటే 'చిరు' ఉన్నచోట 'సిరి' వచ్చింది, అంతే. రెండూ మనకి తెలిసిన మాటలే, కొత్తదాన్ని నేర్చుకునే శ్రమ ఎవరికీ లేదు.

ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషి. సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు చేశారు, తెలుగులోనూ జనం పలికే మాటకే పుస్తకంలో చోటుండాలని పోరాడారు. ఆయన నడిచిన ఊళ్ళో చోడి అన్న మంచి మాటను పక్కకి నెట్టే రాత గోడకెక్కించాలంటే నాకు మనసొప్పదు.

ఇంకో సంగతి, ఏజెన్సీ వాళ్ళు మీకు చెప్పి ఉండరు. మాట మరీ అందరిదీ అయిపోతే కంపెనీ చేయి జారిపోవచ్చు. అమెరికాలో ఓటిస్ కంపెనీ 'ఎస్కలేటర్' మీద ట్రేడ్‌మార్కు హక్కును 1950లో అలాగే పోగొట్టుకుంది. 1963లో 'థర్మోస్' కూడా అందరి మాటే అని అక్కడి కోర్టు చెప్పింది. తమ పేరును ఫోటోకాపీకి బదులుగా వాడొద్దని జిరాక్స్ కంపెనీయే ప్రకటనలు ఇచ్చుకుంది.

కాబట్టి ప్యాకెట్ మీద ఒకవైపు చోడి, ఇంకోవైపు మాండియా పెద్దక్షరాల్లో వేయించండి. మీ బ్రాండు పేరు దాని పక్కన పొట్టిగా, ఒత్తులు లేకుండా ఉండాలి. రెండు మూడు పేర్లు అనుకుని, నమూనా ప్యాకెట్లు ఒక కిరాణా కొట్లో పెట్టి, వారం ఆగి వెళ్ళి ఓ పూట అక్కడే కూర్చోండి. కొనేవాళ్ళు ఏ పేరుతో అడుగుతున్నారో వినండి. రంగు చెప్పి అడుగుతుంటే ఆ పేరు వదిలేయండి. పేరు పెట్టి అడిగితే చెప్పండి, గోడ నేను రాస్తాను.