పెరట్లో ఎండైవ్ వేస్తావట!

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

పెరట్లో సలాడ్‌లో వేసే ఆకుకూర ఎండైవ్, చికోరీ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది, వెంటనే టెన్షనూ పట్టుకుంది. రెండూ చలి పంటలు. మన కోనసీమలో చలి ఎన్నాళ్లుంటుందో నీకు తెలియంది కాదు. ఎండైవ్ నారు కార్తీకంలో వసారాలోనే ట్రేలో పోసుకో, తుఫాను భయం తగ్గాక మడిలో నాటు. శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే పూత కాడ లేస్తుంది, ఆకు నోట పెట్టలేనంత చేదెక్కుతుంది.

మన బంకమట్టిలో నీళ్లు నిలుస్తాయి, జానెడు ఎత్తున మడి కట్టు. లంక మన్ను, మాగిన పశువుల ఎరువు కలుపు. కొబ్బరి పొట్టు వేస్తే బాగా కడిగి వెయ్యి, పచ్చి పొట్టులో ఉప్పుంటుంది. విత్తనం మీద మట్టి పల్చగా చాలు. మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం. చికోరీని మాత్రం మడిలోనే విత్తు, పీకి నాటితే వేరు చీలిపోతుంది. కాఫీ పొడిలో కలిపేది ఆ వేరునే.

ఇక అసలు సంగతి. ఎండైవ్ నడిమి ఆకులు తెల్లబడి చేదు తగ్గాలంటే, మొక్క ఎదిగాక పై ఆకులు దగ్గరకు తీసి కట్టి, రెండు మూడు వారాలు లోపలికి వెలుతురు పోకుండా ఉంచాలి. మీ నాన్న పెళ్లికి ముందు ఎవరో ఊటీ నుంచి తెచ్చిన విత్తనాలు వేశాడు. మొక్కలు పళ్లెమంత విచ్చుకున్నాయి. మార్గశిరంలో ఒకరోజు పొద్దున్నే, మంచు ఆరకుండానే, అరటి నారతో అన్నీ బిగించేశాడు. “అన్నయ్యా, కాస్త ఎండ రానీ” అంటే వింటేనా! బస్సుకు టైమైపోతోందట. పది రోజులకు విప్పితే లోపలంతా గోధుమరంగు జిగురు, ముక్కు మూసుకునే కంపు. ఒక్కటి మిగల్లేదు. మా అమ్మ వారం పాటు పెరటి తలుపు తీయనివ్వలేదు.

నువ్వు పొద్దున పదకొండు గంటలు దాటాక, ఆకుల మొదట్లోకి వేలు పెట్టి తడి లేదని చూసుకుని కట్టు. వాన పడితే విప్పి ఆరనివ్వు. ఆ తర్వాత నీళ్లు మొదట్లోనే పొయ్యి.

నత్తలు పడతాయి, రాత్రిపూట ఏరాలి. బుజ్జీ, చెప్పుల్లేకుండా, టార్చి లేకుండా పెరట్లో అడుగు పెట్టావంటే ఊరుకోను. ఇల్లు కాలవ గట్టు పక్కనే. మొక్కల కింద గడ్డి పరిచావంటే కట్లపాము దూరినా కనపడదు, పరచకు. టార్చి పట్టుకోవడానికి మీ నాన్నను తీసుకెళ్లు. ఈసారి ఆయనకు బస్సు తొందర లేదుగా.

మీ అత్తయ్య