విశాఖలో సైలెన్సర్ ఎందుకు నిలవదు?

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. పన్నెండేళ్ల నాటి 1.2 లీటర్ల పెట్రోల్ కారు. సైలెన్సర్ అడుగున చిల్లులు పడి ఒకటే మోత. ఇదివరకు ఒకసారి మార్చినా మళ్లీ అదే గతి. ఆటోనగర్‌లో ఒకాయన స్టెయిన్‌లెస్ స్టీల్‌తో కొత్తగా చేసిస్తానని, లావు పైపు వేసి క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పికప్ కూడా పెరుగుతుందని అంటున్నారు. చేయించుకోమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేయించుకోండి, కానీ కన్వర్టర్ తర్వాతి భాగం వరకే. పొగలోని విషవాయువుల్ని తగ్గించే ఆ కన్వర్టర్‌ని మాత్రం ముట్టుకోనివ్వకండి. అది తీసేస్తే విషవాయువులు నేరుగా రోడ్డు మీదికొస్తాయి, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పైగా మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. పైపు ఇప్పుడున్న సైజే ఉంచండి, ఇంత చిన్న ఇంజిన్‌కి లావు పైపు వేస్తే పెరిగేది మోతే.

ఇక అసలు సంగతి. ఉప్పుగాలి బయటి నుంచి తినేస్తుందని మన ఊళ్లో అందరికీ తెలుసు, కానీ లోపలి నుంచి కూడా తుప్పు పడుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. మీరు సిరిపురం దాకా వెళ్లి ఆపేస్తే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, ఆ ఆవిరి నీరై డబ్బా అడుగున నిలిచిపోతుంది. మీకు చిల్లులు అడుగునే పడ్డాయంటే కారణం చాలావరకు ఇదే. కొత్త డబ్బాకి అడుగున నీరు కారే చిన్న రంధ్రం పెట్టించండి, అప్పుడప్పుడూ కారుని భీమిలి దాకా తిప్పుకురండి.

స్టీల్ 304 గ్రేడే కావాలని గట్టిగా అడగండి. మెట్ల రెయిలింగులకి ఎక్కువగా వాడే 202 చూడ్డానికి అలాగే మెరుస్తుంది గానీ సముద్రపు గాలికి త్వరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తేడా తెలియదు, రెండింటికీ అది సరిగా అంటుకోదు. కొన్నది 304 అని బిల్లు మీద రాయించుకోండి.

వెల్డింగ్ ఆర్గాన్ గ్యాస్‌తోనే చేయించాలి, అదీ గాలి తగలకుండా పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి. గ్యాస్ ఖర్చని చాలామంది ఈ పని ఎగ్గొడతారు. లోపల గాలి ఉంటే అతుకు వెనకవైపు నల్లగా, గరుకుగా మాడిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది, అప్పుడు 304 కొన్న డబ్బు దండగే. అందుకే బిగించే ముందు పైపులోకి టార్చి వేసి మీరే చూసుకోండి. వంపుల దగ్గర పైపు నొక్కుకుపోయి ఉంటే కూడా ఒప్పుకోవద్దు.

పైపుని కారు కింద వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు పీకేసి గట్టిగా అతికించేస్తామంటే వద్దనండి. మీటరు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, కదలడానికి చోటు లేకపోతే అతుకులే పగులుతాయి.

కారు కింద చుక్క అతుకులు మాత్రమే వేసి, పూర్తి వెల్డింగ్ పైపు దించాకే చేయమనండి. పెట్రోల్ ట్యాంకు పక్కనే ఉంటుంది, జాగ్రత్త. ఆ చుక్కలు వేసే ముందు కూడా బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి.