ఆర్సెనిక్‌కి "మగ" అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందా?

ఆర్సెనిక్ అనే విషపు మూలకం పేరుకి గ్రీకులో "మగ" అని అర్థమని మీ కెమిస్ట్రీ సార్ చెప్పారట, నిజమేనా అని అడిగారు. సగమే నిజం. పోటీ పరీక్షల పుస్తకాలన్నీ ఆ సగాన్నే పట్టుకుని ఊరేగుతున్నాయి.

ఏథెన్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రాలు గ్రీకు క్లాసుకి వెళ్లేవాణ్ణి. లింగాలు చెప్పే రోజు టీచరుగారు బోర్డు మీద మూడు గళ్లు గీసి, పైన అర్సెనికో, థిలికో, ఉదెతెరో అని రాశారు. అంటే పుంలింగం, స్త్రీలింగం, నపుంసకలింగం. నేనేమో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ! గ్రీకులో ఆర్సెనిక్‌నీ అర్సెనికో అనే అంటారని తెలుసు. "మరి విషం అర్సెనికోని ఏ గడిలో వేస్తారు మేడమ్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ మాత్రం సుద్దముక్క తీసుకుని తిన్నగా మూడో గడి దగ్గరికి వెళ్లి "తో అర్సెనికో" అని రాశారు. ముందున్న ఆ "తో" నపుంసకానికి గుర్తు. పేరు మగది, లింగం నపుంసకం. పక్కనే "తో కొరీత్సి" అనీ రాశారు, అంటే అమ్మాయి. అదీ నపుంసకమేనట! నాకేం ఆశ్చర్యం కలగలేదు. బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది అనే భాష మనది.

ఇక అసలు సంగతి. ప్రాచీన గ్రీకుల అర్సెనికోన్ ఇప్పటి మూలకం కాదు, ఆ మూలకం ఉండే పసుపుపచ్చటి ఖనిజం, మన హరిదళం. ఆ పేరు ఇరాన్ వైపు నుంచి వచ్చింది. పారశీకంలో దాన్ని జర్నీఖ్ అంటారు, జర్ అంటే బంగారం. చీర జరీలో ఉన్నది ఆ జర్ అయితే, సంస్కృతంలో హిరణ్యం దానికి చుట్టం. ఈ పరాయి మాట గ్రీకుల చెవికి తమ అర్సెన్, అంటే మగ, లాగా వినబడింది, దాని వేషమే వేసేశారు. ఏథెన్స్ యాసలో అర్సెన్ కాస్తా అర్రెన్ అయితే, ఖనిజం పేరు కూడా అర్రెనికోన్ అయింది. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ అలాగే రాశాడు.

లోహాలకు ఆడా మగా ఉంటాయని నమ్మి ఆ పేరు పెట్టారనే కథ నాకు మహా చిరాకు. హరిదళం పక్కనే దొరికే ఎర్రటి మణిశిలని గ్రీకులు సందరాకే అన్నారు. అది శుద్ధ స్త్రీలింగం. దాన్ని ఆడ ఖనిజం అని ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లోనైనా చదివారా?