విల్‌సెక్‌లో మూడేళ్లు: తిరగాలా, దాచాలా, తమ్ముడు చెప్పిన ప్లాట్ కొనాలా?

ప్రశ్న: మావారు అమెరికా ఆర్మీలో స్టాఫ్ సార్జెంట్. టెక్సస్ నుంచి మూడేళ్ల పోస్టింగ్ మీద జర్మనీలోని విల్‌సెక్‌కు వచ్చాం. టెక్సస్‌లో మెడికల్ బిల్లింగ్ ఉద్యోగం చేసేదాన్ని, ఇక్కడ ఇంట్లోనే ఉంటున్నాను. పాపకు నాలుగేళ్లు. మా ఇద్దరికీ అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డులు ఉన్నాయి. ఇంటి ఖర్చులు పోను నెలకు 900 డాలర్లు మిగులుతోంది, అందులో 400 కోలా (విదేశంలో జీవన వ్యయానికి ఆర్మీ ఇచ్చే భత్యం). ఇండియాలో నా పేరున నెలకు 15,000 రూపాయల సిప్ (మ్యూచువల్ ఫండ్ వాయిదా) ఇందులోంచే కడుతున్నాను. షాద్‌నగర్ దగ్గర ఫామ్ ప్లాట్ ఉంది, నెలకు 40,000 కడితే చాలని తమ్ముడు రోజూ ఫోన్. నాకేమో ఇంత దూరం వచ్చి యూరప్ చూడకుండా వెళ్లడం ఇష్టం లేదు. ట్రిప్ అనగానే మావారు లెక్కలు తీస్తారు. త్వరలో ఆయన కొన్ని నెలలు పోలండ్ వెళ్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ప్లాట్ సంగతి తేల్చేద్దాం, అది తేలితే సగం టెన్షన్ పోతుంది. కొనకండి. ధర ఎక్కువా తక్కువా అన్నదాకా కూడా వెళ్లక్కర్లేదు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు ఇండియాలో ఇల్లు, ఫ్లాట్, లేఅవుట్‌లో ఇంటి స్థలం కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. గుంటల లెక్కన అమ్ముతూ పట్టాదారు పాసుపుస్తకం ఇప్పిస్తామంటున్నారంటే, బ్రోచర్ మీద క్లబ్‌హౌస్ బొమ్మ ఎంత పెద్దగా వేసినా, రికార్డుల్లో అది సాగుభూమే. "నా పేరు మీద కొందాంలే అక్కా" అని తమ్ముడు అంటాడు, ప్రేమతోనే అంటాడు. డబ్బు మీది, పేరు అతనిది అయితే బినామీ చట్టం ఒక పక్క, రేపు మరదలు వచ్చాక జరిగే మాటలు ఇంకో పక్క. "చట్టం ఒప్పుకోదట" అని చెప్పేయండి. అది నిజం, తోబుట్టువుల మధ్య మాట కూడా పోదు.

రెండోది సిప్, దీని గురించి మీరు అడగలేదు గానీ నాకు అసలు భయం దీనితోనే. అమెరికా పన్ను చట్టం ఇండియా మ్యూచువల్ ఫండ్లను పీఫిక్ (విదేశీ పెట్టుబడి కంపెనీ) కింద చూస్తుంది. లాభం మీద మామూలు క్యాపిటల్ గెయిన్స్ రేటు కాకుండా గరిష్ఠ స్లాబు రేటు, పైన వడ్డీ పడే పద్ధతి ఉంది, ఫారం 8621 తలనొప్పి వేరు. కొత్త వాయిదాలు ఈ నెలే ఆపండి. ఉన్న యూనిట్లు మాత్రం తొందరపడి అమ్మకండి, పీఫిక్ తెలిసిన సీపీఏకి (అమెరికా అకౌంటెంట్‌కి) ఒకసారి చూపించి అప్పుడు అమ్మండి. ఆ వాయిదా పెళ్లికి ముందు తెరిచిన మామూలు సేవింగ్స్ అకౌంట్ నుంచే పోతుంటే దాన్ని ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ల అకౌంటుగా) మార్పించి, ఫండ్ హౌస్‌లో కేవైసీ కూడా సరిచేయించాలి. ఇంకొకటి: ఇండియా అకౌంట్లు, ఫండ్లు, జర్మన్ బ్యాంకు అకౌంటు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ అకౌంట్ల గురించి అమెరికా ప్రభుత్వానికిచ్చే రిపోర్టు) వేయాలి. బేస్ లోపలి మిలిటరీ బ్యాంకింగ్ ఫెసిలిటీలో ఉన్న అకౌంటు ఈ లెక్కలోకి రాదు.

ఇక కోలా. ఇది జీతం కాదని మీవారికి తెలుసు, అందుకే ఆయన లెక్కలు తీస్తున్నారు, తప్పు పట్టలేం. పన్ను లేని డబ్బే గానీ డాలరు బలపడితే తగ్గుతుంది, బలహీనపడితే పెరుగుతుంది, తిరిగి టెక్సస్ వెళ్లిన రోజున ఆగిపోతుంది. ఇలాంటి డబ్బును నమ్ముకుని ఏళ్ల తరబడి కట్టే వాయిదా పెట్టుకోకూడదు. పెరిగితే ఎక్కువ, తగ్గితే తక్కువ ఖర్చు పెట్టగలిగేది తిరుగుడు ఒక్కటే! అందుకని ట్రిప్పుల డబ్బు కోలాలోంచే రావాలి, క్రెడిట్ కార్డు మీద మాత్రం వద్దు.

నేనైతే ఆ 900ని ఇలా విడగొడతాను. 300 మీ పేరు మీద రాత్ ఐఆర్ఏ అనే రిటైర్‌మెంట్ అకౌంట్లోకి. మీకు సంపాదన లేకపోయినా ఇద్దరూ కలిపి రిటర్ను వేస్తే ఆయన బేసిక్ పే ఆధారంగా మీరు కట్టుకోవచ్చు, 2025కి పరిమితి 7,000 డాలర్లు ఉండేది. ఉద్యోగం పోయింది మీకు, కాబట్టి మీ పేరున ఒకటి ఉండి తీరాలి, దీని మీద నేను బేరం ఆడను. 250 ట్రిప్పులకు. 200 అత్యవసరానికి, అది ముందు నలుగురి ఇండియా టిక్కెట్ల ధరకు చేరాలి (మీరు ముగ్గురే గానీ, చివరి నిమిషంలో కొంటే రేటు ఎక్కువ, అందుకే నలుగురి లెక్క). మిగిలిన 150 ఇంటికి: చలికాలం అయ్యాక వచ్చే హీటింగ్ సెటిల్‌మెంట్ బిల్లుకి, ఖాళీ చేసేటప్పుడు రంగులకి. మీవారి టీఎస్‌పీలో (ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్‌మెంట్ ఫండ్‌లో) జీతంలో 5 శాతం పడుతోందో లేదో చూడండి, ఆయన కొత్త బ్లెండెడ్ రిటైర్‌మెంట్ పద్ధతిలో ఉంటే అంతకన్నా తక్కువ వేయడం ప్రభుత్వం ఇచ్చే మ్యాచ్‌ను వదులుకోవడమే.

అద్దె తగ్గించి మిగుల్చుకుందాం అనుకోకండి. ఓహెచ్ఏ (విదేశాల్లో ఇచ్చే అద్దె భత్యం) పరిమితి లోపల అసలు అద్దె ఎంతో అంతే ఇస్తారు, అమెరికాలో ఇచ్చే అద్దె భత్యం బీఏహెచ్‌లా మిగిలింది జేబులోకి రాదు. కరెంటు, హీటింగ్ భత్యం మాత్రం ఫ్లాట్ రేటు, అక్కడ ఆదా చేసింది మీదే. బేస్‌లోని టాక్స్ రిలీఫ్ ఆఫీసులో యూటాప్‌లో (కరెంటు లాంటి బిల్లుల మీద పన్ను మినహాయింపు పథకంలో) చేరారా? చేరకపోతే కరెంటు బిల్లు మీద 19 శాతం వ్యాట్ ఊరికే కడుతున్నట్టు.

250తో యూరప్ ఏం చూస్తాం అంటారేమో. పాపకు ఆరేళ్లు నిండేదాకా జర్మన్ రైళ్లలో టిక్కెట్టు లేదు, ఇప్పుడు తిరిగితేనే చవక. ఆయన పోలండ్‌లో ఉన్నప్పుడు మీకొక్కరికే డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతా పనిచేసే నెల పాసు) తీసుకోండి, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. విల్‌సెక్ స్టేషన్‌లో ఎక్కితే న్యూరెంబర్గ్, అక్కణ్నుంచి బాంబెర్గ్, రేగెన్స్‌బర్గ్, మ్యూనిక్ మీదుగా సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా అదే టిక్కెట్టు నడుస్తుంది, రీజినల్ రైళ్లే ఎక్కాలి, హైస్పీడ్ రైలు ఐసీఈ ఎక్కితే జరిమానా. అది చందా పద్ధతి, 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది, ఫోన్‌లో 8వ తేదీకి అలారం పెట్టుకోండి. సోనా మసూరి, కందిపప్పు కూడా అదే రోజు న్యూరెంబర్గ్‌లో తెచ్చుకుంటే వేరే ప్రయాణం తప్పుతుంది. ఆయన ఉన్న వారాంతాల్లో కారు. ప్రాగ్ వెళ్లేముందు చెక్ వాళ్ల ఈ-విన్యెట్ (హైవే టోల్ పర్మిట్) ఆన్‌లైన్‌లో కొనాలి, ట్యాంకు నిండుగా బయల్దేరాలి, మీ పన్నులేని పెట్రోలు రేషన్ జర్మనీ సరిహద్దు దాటితే పనిచేయదు. గార్మిష్‌లో సైన్యం వాళ్ల ఎడెల్‌వైస్ లాడ్జ్ ఉంది, గది అద్దె ర్యాంకును బట్టి, స్టాఫ్ సార్జెంట్‌కు బయటి హోటళ్ల కన్నా నయం. పెద్ద ట్రిప్పు అదొక్కటి పెట్టుకోండి.

ఇంట్లోనే ఉంటున్నానన్నారు కదా, సైనికుల భార్యాభర్తల చదువుకిచ్చే మైకా స్కాలర్‌షిప్ కింద మీవారి ర్యాంకులో ఉన్నవాళ్ల భార్యలకు 4,000 డాలర్ల దాకా సర్టిఫికెట్ కోర్సులకు ఇస్తారు. బిల్లింగ్ తెలిసిన మీకు మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ తేలిక. కానీ విల్‌సెక్‌లో కూర్చుని అమెరికా కంపెనీకి పనిచేసే ముందు జర్మన్ పన్ను సంగతి బేస్ లీగల్ ఆఫీసులో అడగండి.

అదే ఆఫీసులో ఆయన పోలండ్ వెళ్లకముందే మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి, ఫీజు ఉండదు. కారు రిజిస్ట్రేషను, ఇంటి అగ్రిమెంటు, పన్ను రిటర్ను అందులో విడివిడిగా పేర్కొనాలి. మొత్తానికీ పనికొచ్చేలా ఒకే కాగితం రాయించుకుంటే కొన్ని కౌంటర్లలో తీసుకోరు.