తెరిచినవాళ్లు నీ దగ్గరికి పరుగున రావాలి

అమ్మలూ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పింది విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. గోనెసంచులు పంపే పార్టీ పేరుతో మెయిల్ రావడం, "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి దీంట్లో వేయండి" అనడం, డబ్బు పంపబోతూ మీ అకౌంటెంట్ అనుమానం వచ్చి నిన్ను అడగడం. ఈసారికి డబ్బు నిలిచింది. కోల్డ్ స్టోరేజీలో ముప్పై అయిదు మంది ఉన్నారు, వీళ్లకి ఈ జాగ్రత్తలు ఎలా అలవాటు చెయ్యాలి మావయ్యా అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. ఆ అకౌంటెంట్‌ని అందరి ముందూ మెచ్చుకున్నావా? లేకపోతే రేపు పొద్దున్నే ఆ పని చెయ్యి.

ఎందుకంటే, నేను బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉండగా ఒక కుర్రాడు తెలియక ఏదో అటాచ్‌మెంట్ తెరిచాడు. అంతకు వారం ముందే ఇంకొకరు అలాంటి పొరపాటే చేస్తే నేను హాలంతా వినపడేలా కేకలేశాను. ఆ భయంతో ఈ అబ్బాయి రెండు రోజులు నోరు విప్పలేదు. మాకు తెలిసేసరికి వైరస్ పదకొండు కంప్యూటర్లకి పాకింది. అరగంటలో చెప్పి ఉంటే ఒక్క కంప్యూటర్‌తో ఆగేది. రిపోర్టులో తప్పు ఆ అబ్బాయిది అని రాశాను. ఆ తప్పు నాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

హైదరాబాదు మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2021 నవంబరులో అక్కడి ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. 2022 జనవరిలో 12 కోట్లకు పైగా డబ్బు వేరే ఖాతాల్లోకి వెళ్లిపోయింది. మధ్యలో ఎంత కాలం ఉందో చూడు. అన్ని మెయిళ్లు వస్తే ఎవరో ఒకరు తెరుస్తారు, దాన్ని నువ్వూ నేనూ ఆపలేం. తెరిచిన సంగతి ఎంత త్వరగా మనకి తెలుస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉంది. అందుకని "పొరపాటున నొక్కాను మేడం" అని వచ్చినవాళ్లని ఒక్క మాట కూడా అనకు. ముందు థాంక్స్ చెప్పి, తర్వాత కంప్యూటర్ దగ్గరికి వెళ్లు.

ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు తెలుగులో రాసి ప్రతి టేబుల్ దగ్గరా అంటించు. నెట్ వైరు తీసెయ్యాలి, వైఫై ఆపాలి, ఏదీ డిలీట్ చెయ్యకూడదు, వెంటనే నీకు చెప్పాలి. డబ్బు పోయిందంటే నిమిషం ఆగకుండా బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్యాలి. దొంగ ఖాతాలోంచి డబ్బు ఇంకో ఖాతాకి మారిపోకముందే ఆపించాలి, అందుకే ఆ తొందర. పెద్ద దాడి జరిగితే ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, తెలపాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఆ పని ఎవరిదో ఇప్పుడే పేరు పెట్టి చెప్పెయ్యి.

డబ్బు పంపే విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. ఖాతా నంబరు మారిందని ఎవరు రాసినా, మీ పుస్తకంలో ఉన్న పాత ఫోన్ నంబరుకి చేసి అడగాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి కాదు. ఫలానా మొత్తం దాటితే ఇద్దరు చూసి పంపాలి. ఈ నియమం మీ నాన్నకీ వర్తించాలి. యజమాని ఫోటో పెట్టుకున్న కొత్త వాట్సాప్ నంబరు నుంచి "మీటింగ్‌లో ఉన్నాను, అర్జంటుగా పంపు" అని మెసేజ్ వస్తే, పాపం గుమస్తా ఎదురు ప్రశ్న వెయ్యలేడు. అందుకే బావగారే అందరినీ కూర్చోబెట్టి "నా పేరు మీద వచ్చినా సరే, నాకు ఫోన్ చేసి అడగండి, నేనేమీ అనుకోను" అని తన నోటితో చెప్పాలి.

ట్రైనింగ్ అని ఏడాదికోసారి రెండు గంటలు స్లైడ్లు చూపిస్తే ఎవరికీ గుర్తుండదు. సోమవారం టీ తాగేటప్పుడు పది నిమిషాలు చాలు. ఆ వారం ఎవరి ఫోన్‌కి ఏ దొంగ మెసేజ్ వచ్చిందో వాళ్లతోనే చూపించమను. చలానా కట్టమనో, పీఎం కిసాన్ డబ్బులనో చెప్పి ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించేది) పంపేవి మన ఊళ్లలో చాలామందికి వస్తున్నాయి. వాచ్‌మన్‌నీ హమాలీ మేస్త్రినీ కూడా పిలువు. వాళ్లూ ఆఫీసు వైఫై వాడతారు, వాళ్లకీ ఖాతాలో కష్టార్జితం ఉంటుంది.

పాస్‌వర్డ్ నెలనెలా మార్చమని వేధించకు. అలా చేస్తే గుంటూరు1, గుంటూరు2 అని పెట్టుకుంటూ పోతారు. తమకి మాత్రమే తెలిసిన నాలుగైదు తెలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోమను, మెయిల్‌కీ బ్యాంకుకీ పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ ఉండాల్సిందే. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కి అందరూ ఒకే లాగిన్ వాడుతున్నారన్నావు. అది నాకు అస్సలు నచ్చలేదు. ఎవరిది వాళ్లకి ఇవ్వు, మానేసినవాళ్లది ఆ రోజు సాయంత్రానికే తీసెయ్యి. రైతుల ఆధార్ కాగితాలు, సరుకు నిల్వ పెట్టినందుకు ఇచ్చే బాండ్ల వివరాలు మీ దగ్గరున్నాయి. మనల్ని నమ్మి ఇచ్చినవి అవి.

అప్‌డేట్ అడిగితే "తర్వాత" నొక్కే అలవాటు కూడా మాన్పించు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

ఫిబ్రవరిలో మిరపకాయ దిగడం మొదలైతే నీకు ఊపిరి సలపదు. బ్యాకప్ తీస్తున్నాం అన్నావు గానీ, దాన్ని ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా? ఆదివారం నేను వస్తాను. ఆ హార్డ్ డిస్క్ తీసి ఉంచు, ఇద్దరం కూర్చుని పోయిన సీజన్ లెడ్జర్ ఒకటి వెనక్కి తెచ్చి చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య